క్షీరదాల మెదడులో నూతన నాడీకణాల జననం: అనులేఖన కారకాల పాత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం

ఎదిగిన క్షీరదాల మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం సిద్ధాంతంగా చలామణి అయింది. ఎలుక జాతుల విషయంలో ఆ అభిప్రాయం ఇప్పుడు నిలవదు. మానవుల విషయంలో మాత్రం వాదప్రతివాదాలు ఇంకా సాగుతున్నాయి. మూలకణం నాడీకణంగా మారే క్రమాన్ని నియంత్రించే ప్రోటీన్లలో ముఖ్యమైనవి అనులేఖన కారకాలు. అవి ఏమిటి, ఏ వరుసలో పనిచేస్తాయి, ఒకే కారకం వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు ఫలితాలను ఎందుకు ఇస్తుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక కారకం కనిపించినంత మాత్రాన కొత్త నాడీకణం పుట్టినట్లు నిర్ధారించడం ఎందుకు సాధ్యం కాదో ఇటీవలి రెండు వివాదాల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అనులేఖనం, అనులేఖన కారకం, మూలకణం, నాడీకణజననం, హిప్పోక్యాంపస్, వంశక్రమ పరిశీలన.

1. ప్రవేశిక

చర్మం గీరుకుపోతే కొత్త చర్మం వస్తుంది. రక్తకణాలు నిత్యం పుడుతూ, నశిస్తూ ఉంటాయి. మెదడు మాత్రం ఇందుకు భిన్నమని శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. ఆధునిక నాడీశాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడైన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1913-14లో వెలువరించిన గ్రంథంలో, ఎదిగిన మెదడులోని నాడీమార్గాలు స్థిరమైనవని, వాటిలో నశించినది మళ్ళీ పుట్టదని అభిప్రాయపడ్డాడు. అది ఆనాటి సూక్ష్మదర్శిని చూపగలిగిన సాక్ష్యం మీద ఆధారపడిన అభిప్రాయం. తరువాతి తరాలవారు దాన్ని ప్రశ్నించనవసరం లేని సూత్రంగా స్వీకరించారు.

మానవ మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో ప్రచురితమైన ఒక లెక్క తేల్చింది. వాటిలో అత్యధికభాగం పిండదశలోనూ, శైశవంలోనూ పుడతాయి. ఒకసారి పూర్తిగా రూపొందిన నాడీకణం మళ్ళీ విభజన చెందదు. కాబట్టి పుట్టిన తరువాత కొత్త నాడీకణం ఏర్పడాలంటే, విభజన శక్తిని ఇంకా నిలుపుకొన్న మూలకణం ఒకటి మెదడులో మిగిలి ఉండాలి. అది తన పూర్వపు గుర్తింపును వదిలి కొత్త గుర్తింపును పొందాలి. ఈ మార్పును నడిపేది ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఆ మార్పు జరిగిందని తెలుసుకొనేది ఎలాగన్నది రెండవ ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివని ముందుముందు స్పష్టమవుతుంది.

2. అనులేఖనం, కారకం: పారిభాషిక పదాల వివరణ

జీవి శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యుసమాచారం ఉంటుంది. కాలేయకణంలో ఉన్న డి.ఎన్.ఏ.యే నాడీకణంలోనూ ఉంటుంది. రెండింటికీ భేదం ఎక్కడంటే, ఆ సమాచారంలో ఏ భాగాన్ని ఏ కణం వినియోగిస్తున్నదన్న దగ్గర. డి.ఎన్.ఏ.లోని ఒక జన్యువును ఆర్.ఎన్.ఏ. రూపంలోకి ఎత్తి రాయడం అనులేఖనం. ఆ ఆర్.ఎన్.ఏ. ఆధారంగా ప్రోటీన్‌ను తయారుచేయడం అనువాదం. ఆంగ్లంలోనూ, తెలుగులోనూ ఈ రెండు మాటలూ గ్రంథరంగం నుంచి జీవశాస్త్రానికి వచ్చినవే. రాతప్రతులతో పరిచయమున్నవారికి అనులేఖనమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. అనులేఖన కారకం లేఖకుడు కాదు. ప్రతిని ఎత్తిరాసే పని ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అనే ఎంజైమ్‌ది. భాండాగారంలోని వేల తాళపత్రాలలో ఏ ఆకును తీసి లేఖకుని ముందుంచాలో, దేన్ని కట్టివేసి ఉంచాలో నిర్ణయించే పని అనులేఖన కారకానిది. జన్యువుకు దగ్గరలోనో, దూరంలోనో ఉన్న నియంత్రణ స్థానాలలో కొన్ని అక్షరాల చిన్న వరుసను గుర్తుపట్టి ఈ ప్రోటీన్ అక్కడ అతుక్కుంటుంది. కొన్ని కారకాలు అనులేఖనాన్ని ప్రేరేపిస్తాయి, కొన్ని నిరోధిస్తాయి. మానవుల్లో ప్రోటీన్లకు సంకేతాలైన జన్యువులు సుమారు 20,000 కాగా, వాటిలో దాదాపు 1,600 జన్యువులు అనులేఖన కారకాలకు సంబంధించినవే.

నాడీకణజననంలో ప్రధానపాత్ర వహించే ఒక కుటుంబానికి చెందిన కారకాలు డి.ఎన్.ఏ.లో ఆరు అక్షరాల వరుసను గుర్తిస్తాయి. ఆ వరుసలో మొదటి రెండు అక్షరాలు సీ, ఏ. చివరి రెండు అక్షరాలు టీ, జీ. మధ్యలోని రెండు అక్షరాలు మారవచ్చు. ఆ రెండింటినిబట్టి ఏ కారకం ఎక్కడ ఎక్కువగా అతుక్కుంటుందో మారుతుంది. ఉదాహరణకు ఆస్కల్-1 అనే కారకం మధ్యలో జీ, సీ ఉన్న వరుసను ఎక్కువగా ఇష్టపడుతుంది. ఇంత చిన్న వరుస డి.ఎన్.ఏ.లో లక్షలచోట్ల కనిపిస్తుంది. కారకం వాటన్నిటి మీదా పనిచేయదు. ఆ స్థానం తెరచి ఉందా, మూసి ఉందా, పక్కన ఇంకే కారకాలు ఉన్నాయి అన్న విషయాల మీద ఫలితం ఆధారపడుతుంది.

కారకమన్న మాటను వ్యాకరణార్థంలో గుర్తుచేసుకుంటే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. కారకమంటే కర్త మాత్రమే కాదు. కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం కూడా కారకాలే. క్రియతో అన్వయం లేనిదే ఏదీ కారకం కాదు. అనులేఖన కారకాన్ని నాడీకణానికి ‘కర్త’గా భావించడం వల్లనే అనేక అపార్థాలు కలిగాయి. కణమనే వాక్యంలో దాని స్థానమేమిటో చూస్తేగాని దాని అర్థం తేలదు.

3. పాత సిద్ధాంతం కదిలిన క్రమం

కొత్త కణం పుట్టిందని చెప్పాలంటే అది విభజన ద్వారా ఏర్పడిందని నిరూపించాలి. కణం విభజన చెందేముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తయారుచేసుకుంటుంది. ఆ సమయంలో థైమిడిన్ అనే ముడిపదార్థాన్ని స్వీకరిస్తుంది. ఆ థైమిడిన్‌కు రేడియోధార్మికమైన హైడ్రోజన్‌ను జోడించి జంతువుకు ఇస్తే, అప్పుడు విభజనకు సిద్ధమైన కణాలలో ఆ గుర్తు నిలిచిపోతుంది. అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ 1962లో ఈ పద్ధతితో ఎదిగిన ఎలుకల మెదడులో గుర్తుపడిన నాడీకణాలు ఉన్నట్లు ప్రకటించాడు. 1965లో గోపాల్ దాస్‌తో కలిసి, జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో పుట్టుక తరువాత కూడా నాడీకణాలు ఏర్పడుతున్నాయని వివరించాడు.

ఈ ఫలితాలు వెంటనే ఆమోదం పొందలేదు. గుర్తుపడినవి నాడీకణాలేనా, లేక వాటికి తోడుగా ఉండే గ్లియా కణాలా అన్న సందేహం మిగిలింది. 1977లో మైకేల్ కప్లాన్, జేమ్స్ హైండ్స్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, గుర్తుపడిన కణాలకు నాడీకణ లక్షణాలున్నాయని చూపారు. 1985లో పాస్కో రకిచ్ రీసస్ కోతులపై చేసిన అధ్యయనంలో ఎదిగిన జంతువుల మెదడులో కొత్త నాడీకణాలు కనిపించలేదని ప్రకటించడంతో, ప్రైమేట్ల విషయంలో పాత అభిప్రాయమే బలపడింది. 1992లో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ ఎదిగిన చిట్టెలుక మెదడు నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటి నుంచి నాడీకణాలను, ఆస్ట్రోసైట్లనే గ్లియా కణాలను పొందారు. మూలకణం మెదడులో మిగిలి ఉందనడానికి ఇది బలమైన ఆధారమైంది.

ఎలుక జాతులలో రెండు ప్రదేశాలలో ఈ జననం జీవితకాలం సాగుతుందని తరువాతి పరిశోధనలు స్థిరపరచాయి. ఒకటి హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అంచు. రెండవది మెదడులోని పార్శ్వకోష్ఠకాల గోడ. ఈ గోడ దగ్గర పుట్టిన కణాలు ముందుకు ప్రయాణించి, వాసనను గ్రహించే ఘ్రాణలంబికను చేరుకుంటాయి.

4. మూలకణం నుంచి నాడీకణం వరకు: కారకాల వరుస

చిట్టెలుక డెంటేట్ గైరస్‌లో జరిగే క్రమాన్ని శాస్త్రజ్ఞులు ఎక్కువ వివరంగా గుర్తించారు. అక్కడి మూలకణాలలో అధికభాగం నిద్రాణస్థితిలో ఉంటాయి. వాటిలో సాక్స్-2 అనే అనులేఖన కారకం ఉంటుంది. మూలకణ స్వభావాన్ని కాపాడడం, నాడీకణానికి సంబంధించిన జన్యువులు ముందుగానే తెరచుకోకుండా చూడడం దాని పనులు.

మూలకణం నిద్రాణస్థితిని వీడడానికి ఆస్కల్-1 అవసరం. దాన్ని తొలగించిన చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌లో మూలకణాలు క్రియాశీలం కాలేకపోయాయని 2014లో ప్రచురితమైన ప్రయోగాలు తెలిపాయి. క్రియాశీలమైన మూలకణం నుంచి వేగంగా విభజన చెందే పూర్వగామి కణాలు ఏర్పడతాయి. వాటిలో టీబీఆర్-2 కనిపిస్తుంది. ఆ తరువాత న్యూరోడి-1, ప్రాక్స్-1 రంగంలోకి వస్తాయి. అపరిణత నాడీకణంలో డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఇది అనులేఖన కారకం కాదు. కణం తన ఆకృతిని, కదలికను మార్చుకోవడానికి తోడ్పడే నిర్మాణ ప్రోటీన్. పుట్టిన కణం కొన్ని వారాలపాటు పెరిగి, ఇతర నాడీకణాలతో సంబంధాలు ఏర్పరచుకుని, చివరికి పరిణత నాడీకణమవుతుంది. ఈ మధ్యకాలంలో చాలా కణాలు నశిస్తాయి. మిగిలేవి కొన్నే.

ఈ వరుసలో ఒక దశ నుంచి మరొక దశకు మార్పు ఎలా జరుగుతుందో చూపే మంచి ఉదాహరణ న్యూరోడి-1 జన్యువు. దాని నియంత్రణ భాగంలో ఒక స్థానం ఉంది. మూలకణంలో సాక్స్-2 అక్కడ చేరి జన్యువును నిశ్శబ్దంగా ఉంచుతుంది. పొరుగున ఉన్న ఆస్ట్రోసైట్ల నుంచి డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతం వచ్చినప్పుడు అదే చోట మరొక కారకసముదాయం క్రియాశీలమై జన్యువును తెరుస్తుంది. ఈ విషయం 2009లో ఫ్రెడ్ గేజ్ బృందం ప్రచురించిన అధ్యయనం వల్ల తెలిసింది. తలుపు ఒకటే అయినా, దాన్ని మూసే చేయి వేరు, తెరిచే చేయి వేరు. తెరవవలసిన వేళను కణం ఒంటరిగా నిర్ణయించుకోదు, పొరుగు కణాల నుంచి వచ్చే సంకేతం దాన్ని నిర్ణయిస్తుంది.

నాడీకణంగా మారడంతో కథ ముగియదు. ఏ రకపు నాడీకణమన్నదాన్ని నిర్ణయించడానికీ, ఆ నిర్ణయాన్ని నిలుపుకోవడానికీ కారకాలు అవసరం. డెంటేట్ గైరస్‌లో పుట్టిన కణాలలో విభజన ముగిసిన తరువాత ప్రాక్స్-1ను తొలగిస్తే, అవి హిప్పోక్యాంపస్‌లోనే మరొక ప్రాంతానికి చెందిన పిరమిడ్ ఆకారపు నాడీకణాల లక్షణాలను సంతరించుకున్నాయని 2012లో ఒక పరిశోధన వెల్లడించింది. అంటే గుర్తింపు ఒకసారి వచ్చి శాశ్వతంగా ఉండిపోయేది కాదు. దాన్ని నిలుపుతూ ఉండాలి.

5. ఒకే కారకం, రెండు ఫలితాలు: లయ ప్రాధాన్యం

పై వరుసను చదివినవారికి ఒక సందేహం కలగవచ్చు. ఆస్కల్-1 మూలకణాన్ని విభజనకు పురికొల్పుతుందన్నారు. అదే ఆస్కల్-1 నాడీకణంగా మారడానికీ కారణమవుతుందని అనేక ప్రయోగాలు చెబుతున్నాయి. విభజన, పరిణతి పరస్పరవిరుద్ధమైన స్థితులు. ఒకే ప్రోటీన్ రెండింటికీ ఎలా దోహదం చేస్తుంది?

దీనికి సమాధానం జపాన్‌లోని క్యోటోలో ర్యోయిచిరో కగేయామా బృందం చేసిన పరిశోధనలలో లభించింది. హెస్-1 అనే నిరోధక కారకం తన జన్యువు మీద తానే అతుక్కుని దాని అనులేఖనాన్ని ఆపివేస్తుంది. ఈ ప్రోటీన్, దాని ఆర్.ఎన్.ఏ. రెండూ అల్పాయుష్కాలు. అవి త్వరలో నశించగానే నిరోధం తొలగి, జన్యువు మళ్ళీ తెరచుకుంటుంది. ఈ విధంగా హెస్-1 పరిమాణం సుమారు 2 గంటలకు ఒకసారి పెరుగుతూ, తగ్గుతూ ఉంటుందని 2002లో తెలిసింది. హెస్-1 ఆస్కల్-1ను కూడా నిరోధిస్తుంది. అందువల్ల పూర్వగామి కణాలలో ఆస్కల్-1 కూడా ఇలాగే ఎగసిపడుతూ ఉంటుంది.

2013లో ఇదే బృందం కాంతితో జన్యువును నియంత్రించే పద్ధతిని వినియోగించింది. నీలికాంతిని 3 గంటల వ్యవధితో ప్రసరింపజేసి ఆస్కల్-1ను హెచ్చుతగ్గులతో పుట్టించినప్పుడు కణాలు విభజన చెందాయి. ఆస్కల్-1ను ఎడతెగకుండా నిలిపి ఉంచినప్పుడు అవే కణాలు నాడీకణాలుగా మారాయి. ప్రోటీన్ మారలేదు, దాని కాలగతి మాత్రమే మారింది. పూర్వగామి కణంలో వేర్వేరు గుర్తింపులకు దారితీసే కారకాలు ఒకదాని తరువాత ఒకటి ఎగసిపడుతూ ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి నిలకడగా స్థిరపడినప్పుడు కణం ఆ మార్గంలోకి వెళ్తుంది. ఆస్కల్-1 నిలిస్తే నాడీకణం, హెస్-1 నిలిస్తే ఆస్ట్రోసైట్.

కారకాన్ని సకాలంలో తొలగించడం కూడా అంతే ముఖ్యం. హ్యూ-1 అనే ఎంజైమ్ ఆస్కల్-1ను విచ్ఛిన్నం చేయడానికి తోడ్పడుతుంది. దానివల్ల క్రియాశీలమైన మూలకణాలలో కొన్ని మళ్ళీ నిద్రాణస్థితికి చేరుకోగలుగుతాయి. ఈ ఎంజైమ్‌ను తొలగిస్తే మూలకణాలు విశ్రాంతి లేకుండా విభజన చెందుతాయనీ, కాలక్రమంలో వాటి నిల్వ తరిగిపోతుందనీ 2016లో లండన్‌లోని ఫ్రాంస్వా గీమో బృందం నిరూపించింది. కొత్త నాడీకణాలు ఎన్ని ఎక్కువ పుడితే అంత మేలనే సామాన్య భావనకు ఇది హెచ్చరిక. ఈరోజు అధికంగా పుట్టించడమంటే రేపటి నిల్వను ఈనాడే ఖర్చుచేయడం కావచ్చు.

6. మానవ మెదడు: సూచికల చుట్టూ అల్లుకున్న వివాదం

జంతువుల మెదడులో గుర్తు వేసి వేచిచూడవచ్చు. మానవుల్లో అటువంటి ప్రయోగానికి అవకాశం లేదు. 1998లో పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందానికి ఒక అరుదైన అవకాశం లభించింది. క్యాన్సర్ పరీక్షల్లో భాగంగా, విభజన చెందే కణాలలో చేరే ఒక రసాయనాన్ని స్వీకరించిన అయిదుగురు రోగుల మెదళ్ళను వారి మరణానంతరం పరిశీలించి, హిప్పోక్యాంపస్‌లో గుర్తుపడిన నాడీకణాలు ఉన్నాయని వారు ప్రకటించారు.

2013లో స్వీడన్‌లోని యోనాస్ ఫ్రిసేన్ బృందం వేరే మార్గాన్ని అనుసరించింది. 1955-63 మధ్య వాతావరణంలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పరిమాణం బాగా పెరిగి, తరువాత క్రమంగా తగ్గింది. కణం పుట్టినప్పటి కార్బన్-14 దాని డి.ఎన్.ఏ.లో నిలిచి ఉంటుంది. దానినిబట్టి కణం పుట్టిన కాలాన్ని అంచనా వేయవచ్చు. ఈ లెక్క ప్రకారం ఎదిగిన మానవుని ఒక్కొక్క హిప్పోక్యాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయి. నవీకరణకు లోనయ్యే కణాలలో ఇది ఏడాదికి 1.75 శాతం.

2018లో ఆర్టురో ఆల్వరెజ్-బుయ్యా బృందం 59 మానవ నమూనాలను పరిశీలించి ఇందుకు విరుద్ధమైన నిర్ణయానికి వచ్చింది. అపరిణత నాడీకణాల సంఖ్య శైశవంలోనే వేగంగా తగ్గిపోతున్నదనీ, ఎదిగినవారిలో అవి కనిపించలేదనీ తెలిపింది. అదే ఏడాది మౌరా బోల్డ్రీని బృందం 14 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసుగల 28 మంది మెదళ్ళను పరిశీలించి, వృద్ధాప్యంలో కూడా నాడీకణజననం కొనసాగుతున్నదని ప్రకటించింది. 2019లో మరియా యోరెన్స్-మార్టిన్ బృందం కణజాలాన్ని భద్రపరిచే రసాయనంలో ఎంతసేపు ఉంచారన్నదాన్నిబట్టి డబుల్‌కార్టిన్ కనిపించడం, కనిపించకపోవడం మారుతుందని చూపింది. జాగ్రత్తగా భద్రపరిచిన నమూనాలలో అపరిణత నాడీకణాలు విరివిగా ఉన్నాయనీ, అల్జీమర్స్ రోగులలో వాటి సంఖ్య తగ్గిందనీ వివరించింది.

ఈ అభిప్రాయభేదానికి మూలం సూచికల స్వభావంలో ఉంది. డబుల్‌కార్టిన్ ఉన్నంత మాత్రాన ఆ కణం నిన్ననో, మొన్ననో పుట్టిందని చెప్పలేం. ఎన్నో ఏళ్ళక్రితం పుట్టి, అపరిణతస్థితిలోనే ఆగిపోయిన నాడీకణాలు కొన్ని క్షీరదాల మెదడులో ఉన్నాయి. ఆ ప్రోటీన్ కనిపించనంత మాత్రాన కణం లేదనీ చెప్పలేం. సాక్స్-2 మూలకణంలోనే కాక సాధారణ ఆస్ట్రోసైట్లలోనూ ఉంటుంది. ప్రాక్స్-1 పాత నాడీకణంలోనూ, కొత్త నాడీకణంలోనూ ఉంటుంది. అంటే ఏ ఒక్క కారకమూ, ఏ ఒక్క ప్రోటీనూ జననానికి స్వయంగా సాక్ష్యం కాజాలదు. ఒకే కణంలో అనేక సూచికలు ఒకేసారి ఏ కలయికలో ఉన్నాయో చూడవలసి ఉంటుంది.

ఇటీవలి పరిశోధనలు ఈ దిశగానే సాగుతున్నాయి. 2025లో ఫ్రిసేన్ బృందం ఒక్కొక్క కేంద్రకంలోని ఆర్.ఎన్.ఏ.లను విడివిడిగా చదివే పద్ధతితో ఎదిగిన మానవుల హిప్పోక్యాంపస్‌లో విభజన చెందుతున్న పూర్వగామి కణాలను గుర్తించినట్లు ప్రచురించింది. వ్యక్తికీ, వ్యక్తికీ మధ్య చాలా తేడా ఉందని కూడా తెలిపింది. ఒక అక్షరాన్నిబట్టి కాక, మొత్తం పాఠాన్నిబట్టి ప్రతి కాలాన్ని నిర్ణయించే పరిష్కర్త పద్ధతికి ఇది దగ్గరగా ఉంది.

7. కణాల గుర్తింపును మార్చే ప్రయత్నాలు

కొత్త నాడీకణం సహజంగా పుట్టకపోతే, ఉన్న కణాన్నే నాడీకణంగా మార్చవచ్చు కదా అన్న ఆలోచనకు మూలం 1987 నాటి ప్రయోగం. ఆ ఏడాది రాబర్ట్ డేవిస్, హెరాల్డ్ వైన్‌ట్రాబ్, ఆండ్రూ లాసర్ మైయోడి అనే ఒక్క కారకంతో చిట్టెలుక సంయోజక కణాలను కండరకణాలుగా మార్చారు. 2006లో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి నాలుగు కారకాలతో చర్మకణాలను పిండమూలకణాలవంటివిగా మార్చారు. 2010లో మారియుస్ వెర్నిగ్ బృందం ఆస్కల్-1, బీఆర్ఎన్-2, మిట్-1ఎల్ అనే మూడు కారకాలతో చిట్టెలుక సంయోజక కణాలను నేరుగా నాడీకణాలుగా మార్చింది. మూసి ఉన్న డి.ఎన్.ఏ. భాగాలలోకి కూడా ఆస్కల్-1 ముందుగా ప్రవేశించగలదనీ, మిగిలిన కారకం దాని వెంట వస్తుందనీ 2013లో తేలింది. అయితే ఆ స్థానాలు కొంత అనుకూలస్థితిలో లేని కణరకాలలో ఆస్కల్-1 కూడా సఫలం కాలేదు.

పాత్రలో పెంచిన కణాలలో ఈ మార్పును కళ్ళారా చూడవచ్చు. జీవించి ఉన్న జంతువు మెదడులో అది సులభం కాదు. వైరస్ ద్వారా న్యూరోడి-1ను అందిస్తే ఆస్ట్రోసైట్లు నాడీకణాలుగా మారుతున్నాయని 2014 తరువాత వెలువడిన కొన్ని పరిశోధనలు పక్షవాతం, అల్జీమర్స్ వంటి వ్యాధుల చికిత్సపై గొప్ప ఆశలు రేకెత్తించాయి. 2021లో చున్-లీ జాంగ్ బృందం ఈ ఫలితాలను వంశక్రమ పరిశీలనతో పరీక్షించింది. ఆస్ట్రోసైట్లకు ముందుగానే చెరగని జన్యుగుర్తును వేసి, ఆ తరువాత న్యూరోడి-1ను అందించింది. ఆ గుర్తున్న కణాలు నాడీకణాలుగా మారలేదు. మారినట్లు కనిపించినవి అంతకుముందు నుంచీ అక్కడున్న నాడీకణాలేనని తేలింది. ఆస్ట్రోసైట్లలో మాత్రమే వెలగవలసిన సూచిక, న్యూరోడి-1 సమక్షంలో నాడీకణాలలోనూ వెలిగింది. అంటే ఫలితాన్ని కొలవడానికి పెట్టుకున్న కొలబద్దనే కారకం మార్చివేసింది.

ఈ ఫలితంతో ఆ మార్గం మొత్తం మూతపడిందని భావించనక్కరలేదు. వంశక్రమ గుర్తును పాటిస్తూ చేసిన పరిశోధనల్లోనూ విజయాలున్నాయి. 2017లో థామస్ రే బృందం ఎదిగిన చిట్టెలుక కంటిలో, నాడీవ్యవస్థలో భాగమైన రెటీనాలోని గ్లియా కణాల నుంచి నాడీకణాలను పొందింది. అందుకు ఆస్కల్-1 ఒక్కటే చాలలేదు. రెటీనాకు గాయం కావలసివచ్చింది. డి.ఎన్.ఏ. మీది బిగింపును సడలించే ఔషధమూ అవసరమైంది. కారకం, స్థితి, సందర్భం కలిసినప్పుడే మార్పు సాధ్యమైంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- క్షీరదాల మెదడులో నాడీకణజననం ఒక క్షణంలో జరిగే సంఘటన కాదు. నిద్రాణమైన మూలకణం నుంచి పరిణత నాడీకణం వరకు సాగే క్రమం. సాక్స్-2, ఆస్కల్-1, టీబీఆర్-2, న్యూరోడి-1, ప్రాక్స్-1 ఆ క్రమంలోని వేర్వేరు దశలకు చెందినవి.
- ఒక కారకం ఫలితం దాని ఉనికి మీదనే కాక, దాని పరిమాణం, కాలగతి, పొరుగు కణాల సంకేతాలు, డి.ఎన్.ఏ. తెరచి ఉన్న స్థితి మీద ఆధారపడుతుంది. ఎగసిపడే ఆస్కల్-1, నిలకడగా ఉన్న ఆస్కల్-1 ఒకే ప్రోటీన్ అయినా ఒకే అర్థాన్ని ఇవ్వవు.
- మానవ మెదడుపై సాగిన వివాదానికీ, ఆస్ట్రోసైట్ల మార్పిడిపై సాగిన వివాదానికీ మూలం ఒకటే. ఒక సూచికను జననానికి పర్యాయపదంగా గ్రహించడం వల్ల రెండు చోట్లా చిక్కు ఏర్పడింది.
- కణం ఎక్కడి నుంచి వచ్చిందో చూపే వంశక్రమ పరిశీలన, అనేక సూచికలను కలిపి చదివే పద్ధతి ఈ రంగంలో విశ్వసనీయతకు అవసరమైన కనీస ప్రమాణాలుగా రూపొందుతున్నాయి.

మెదడుకు సంబంధించిన వ్యాధులతో బాధపడేవారికి, వారి కుటుంబాలకు ‘కొత్త నాడీకణాలు’ అన్న మాట కలిగించే ఆశ సామాన్యమైనది కాదు. కాబట్టి ఆ మాటను వాడేవారి బాధ్యత కూడా పెద్దది. ఒక కారకాన్ని గురించి కొత్త వార్త వెలువడినప్పుడు అది ఏ జంతువులో, ఏ దశలో, ఏ కణంలో పనిచేసిందన్న ప్రశ్నలు వేయాలి. కొత్త కణం ఏ కణం నుంచి పుట్టిందో ఎలా తెలిసిందని కూడా అడగాలి. క్రియతో అన్వయం తెలియనంతవరకు కారకానికి అర్థం నిర్ణయించలేమన్న వ్యాకరణసూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.